జోనా లోము: ఆటను వృత్తిగా గైకొనిన యొక రగ్బీ వీరుని జీవితము



సాయంకాలము బడి విడిచిన వెంటనే బాలురు ఆటస్థలమునకు పరుగెత్తుట మనమందఱము నెఱిగినదే. ఆ పరుగు చూచి సంతసించు ఉపాధ్యాయులు కలరు. "ఈ యాటలు కూడు పెట్టునా, గుడ్డ పెట్టునా?" అని విసుగుకొను తల్లిదండ్రులును కలరు. ఈ ప్రశ్నకు పెట్టుననియో పెట్టదనియో ఒక్క మాటలో బదులు చెప్పుట సులభమే. కాని ఒక ఆటగాని జీవితమును మొదటినుండి తుదివరకు చూచి, ఆట వానికేమి యిచ్చెనో, వాని నుండి యేమి తీసికొనెనో లెక్క గట్టిన గాని సరియైన యుత్తరము దొరకదని మేము తలంచుచున్నాము. అందుకై న్యూజీలండు దేశపు రగ్బీ వీరుడు జోనా లోము చరిత్రమును ఈ వ్యాసమునకు విషయముగా నెంచుకొంటిమి.

ఈతని నెంచుకొనుటకు కారణములు రెండు. రగ్బీ యాట కూలి లేని వినోదముగా నుండుట మాని, జీతము గల వృత్తిగా మాఱిన సంవత్సరముననే ఈతని పేరు లోకమంతట వినబడెను. అది మొదటి కారణము. ఈతడు సంపాదించిన కీర్తి యంతయు ఒక్క దేహబలము మీద నిలిచినది. ఆ దేహమే నడుమ దారిలో మోసము చేసెను. అది రెండవ కారణము.

1. ఆట స్వరూపము

మన ప్రాంతమున రగ్బీ నాడువారు తక్కువ గనుక ముందుగా ఆ యాట యెట్టిదో చెప్పుదుము. ఒక్కొక్క పక్షమున పదునైదుగురు ఆడుదురు. ఆట నలువది నిమిషముల చొప్పున రెండు భాగములు. బంతి గుండ్రముగా నుండక కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేత బట్టుకొని పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును. కాని చేతితో తోటివానికి అందించునపుడు ప్రక్కకో వెనుకకో వేయవలెను గాని ముందునకు వేయరాదు. ఈ యొక్క నియమమే ఆటకు ప్రాణము. బంతి వెనుకకు పోవుచుండ మనుష్యులు ముందునకు పోవలయును. అందుచేత ఎవడును ఒంటరిగా చాలదూరము పోజాలడు. వెనుక తోడు వచ్చువాడు ఉండవలసినదే.

ఎదుటి పక్షపు గీతను దాటి బంతిని నేలకు ఆనించినచో దానిని "ట్రై" అందురు. 1992 నుండి ట్రైకి ఐదు గుణములు లెక్కించుచున్నారు. ట్రై పిమ్మట బంతిని గోలుకంబముల నడుమ అడ్డుకఱ్ఱ మీదుగా తన్నినచో మఱి రెండు గుణములు. ఎదుటివారు నియమము తప్పినందున దొరకు పెనాల్టీ తన్నునకు మూడు. ఆట నడుచుచుండగా బంతిని నేలకు వదలి అది పైకి లేచు క్షణమున తన్ను "డ్రాప్ గోలు"నకు మూడు. బంతి పట్టినవానిని భుజములకు దిగువను పట్టి పడవేయవచ్చును. మన చెడుగుడులో కూతకు పోయినవానిని ఎదుటివారందఱు పట్టుకొన జూచునట్లు, అతడు వారి చేతులు విదలించుకొని గీత చేరజూచునట్లు, ఇందును జరుగును. భేదమేమనగా, ఇచ్చట గీత నూఱు మీటరుల దూరమున నుండవచ్చును.

పదునైదుగురిలో ముందు వరుసల యెనమండుగురు బరువైన దేహము గలవారు. వారు స్క్రమ్ములో ఎదుటివారితో భుజము భుజము ఆనించి త్రోయుదురు. వెనుక వరుసలవారు వేగము గలవారు. వారిలో రెండంచులను నిలుచువారికి "వింగ్" ఆటగాండ్రని పేరు. పూర్వము వింగ్ ఆటగాడన్న సన్నని దేహముతో లేడివలె పరుగెత్తువాడని తలంచెడివారు. జోనా లోము ఈ తలంపును తలక్రిందులు చేసెను.

2. కూలి లేని ఆట

రగ్బీ ఇంగ్లండులో రగ్బీ అను ఊరి పాఠశాలలో పుట్టినది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అను విద్యార్థి కాలిబంతి ఆడుచు బంతిని చేత బట్టుకొని పరుగెత్తెననియు, ఆ దినముననే యీ యాట పుట్టెననియు ఒక కథ కలదు. దానికి గట్టి సాక్ష్యము లేదు; అయినను ప్రపంచ విజేతల కిచ్చు పాత్రకు ఆ బాలుని పేరే పెట్టినారు. 1871లో ఇంగ్లండున రగ్బీ యూనియను ఏర్పడెను. ఆ సంవత్సరమే ఎడింబరోలో స్కాట్లండు, ఇంగ్లండు దేశములు మొదటి దేశాంతర పందెము నాడినవి.

మన దేశమునకు ఈ చరిత్రలో ఒక చిన్న స్థానము కలదు. 1873లో కలకత్తా నగరమున ఆంగ్లేయులు ఒక రగ్బీ సంఘమును స్థాపించిరి. కొన్ని సంవత్సరములకు ఆడువారు తగ్గి సంఘము మూతపడగా, బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసికొని, వానిని కరగించి ఒక పాత్ర చేయించిరి. దాని పిడులు త్రాచుపాములు. మూత మీద ఏనుగు. 1879 నుండి ఇంగ్లండు, స్కాట్లండు దేశముల పందెములో గెలిచినవారికి ఆ "కలకత్తా పాత్ర" చెందుచున్నది.

ఆ కాలమున రగ్బీ పెద్దలు ఒక నియమమును కఠినముగా పాటించిరి. ఆడినందుకు ఎవడును ఒక్క కాసైనను పుచ్చుకొనరాదు. ధనవంతులకు ఇది కష్టము కాలేదు. కాని ఉత్తర ఇంగ్లండులో ఆడువారు బొగ్గుగనులలోను మిల్లులలోను పనిచేయు కూలీలు. శనివారము పందెమునకు పోయినచో ఆ పూట కూలి పోవును. పోయిన కూలి మాత్రమైన నిప్పింపుడని వారి సంఘములు కోరగా పెద్దలు సమ్మతింపలేదు. అందుచే 1895 ఆగస్టు 29వ తేదీని హడర్స్‌ఫీల్డు పట్టణమున ఉత్తరపు సంఘములు కూడి వేఱు పడినవి. నాటినుండి రగ్బీ రెండు శాఖలాయెను. జీతము గలది "లీగు", జీతము లేనిది "యూనియను".

యూనియను శాఖ ఈ నియమమును సరిగా నూఱేండ్లు కాపాడెను. న్యూజీలండు దేశపు "ఆల్ బ్లాక్స్" అను జగత్ప్రసిద్ధ జట్టువారు సైతము పగలు వేఱొక పని చేసికొనుచు, తీరిక వేళల అభ్యాసము చేయుచుండిరి. జోనా లోము ఆటలో ప్రవేశించునాటికి స్థితి ఇది.

3. బాల్యము, పాఠశాల

జోనా 1975 మే 12వ తేదీని న్యూజీలండులోని ఆక్లండు ప్రాంతమున జన్మించెను. తల్లిదండ్రులు పసిఫిక్ సముద్రమందలి టోంగా ద్వీపములనుండి వచ్చినవారు. పసితనమున కొంతకాలము టోంగాలో బంధువుల యింట పెరిగి, పిమ్మట ఆక్లండు దక్షిణ భాగమందలి మాంగెరె అను పేటకు తిరిగి వచ్చెను. అది బీదలు, వలసవచ్చినవారు నివసించు పేట. వీధి ముఠాల కలహములు అచ్చట సామాన్యములు. దేహము పెద్దది, కోపము మెండు గల బాలునికి ఆ వీధులు మంచి పాఠశాలలు కావు.

ఇది గ్రహించి వానిని అచ్చటినుండి తప్పించినది తల్లి. ఆమె కుమారుని వెస్లీ కళాశాల అను వసతి పాఠశాలలో చేర్చెను. అది 1844లో మెథడిస్టు మిషనువారు స్థాపించినది. న్యూజీలండులోని ప్రాచీన విద్యాలయములలో నొకటి. అచ్చట లేచుటకు ఒక గంట, భుజించుటకు ఒక గంట, చదువుటకు ఒక గంట, ఆటకు ఒక గంట. ఉపప్రధానోపాధ్యాయుడును రగ్బీ శిక్షకుడు నైన క్రిస్ గ్రింటర్ వానియందు శ్రద్ధ వహించి, వాని బలమునకు ఒక త్రోవ చూపెను. వీధిలో పిడికిలికి పోవలసిన బలము ఆటస్థలమున కాళ్లకు పోయెను. మన పాఠశాల వసతిగృహమునకు బిడ్డలను పంపి కన్నులు తుడుచుకొను తల్లులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక.

పాఠశాలలో అతడు మొదట ముందు వరుస ఆటగాడే. ఎదిగిన పిమ్మట అతని పొడవు 1.96 మీటరులు, బరువు ఇంచుమించు 120 కిలోలు. ఇట్టి దేహముతో నూఱు మీటరుల దూరమును 10.8 సెకనులలో పరుగెత్తెడివాడని చెప్పుదురు. ఈ రెండును ఒక్కనియందే యుండుట మిక్కిలి యరుదు. దీనిని గమనించి దేశపు జట్టు పెద్దలు అతనిని వింగ్ స్థానమున నిలిపిరి.

4. మొదటి యోటమి, మొదటి కీర్తి

1994 జూన్ 26వ తేదీని క్రైస్ట్‌చర్చి నగరమున ఫ్రాన్సు దేశముపై అతడు ఆల్ బ్లాక్స్ పక్షమున మొదటి పందెము నాడెను. అప్పటికి అతని వయస్సు 19 సంవత్సరముల 45 దినములు. ఆ జట్టున దేశాంతర పందెము నాడినవారిలో అంతకన్న చిన్నవాడు లేడు. కాని ఆ దినము శుభముగా గడువలేదు. వింగ్ స్థానము అతనికి క్రొత్త. ఎప్పుడు ముందునకు పోవలెనో, ఎప్పుడు వెనుక నిలువవలెనో తెలియక తడబడెను. ఆ పందెమును, మరుసటి వారము ఆక్లండు పందెమును రెండును న్యూజీలండు ఓడిపోయినది. కుఱ్ఱవానికి జట్టున చోటు పోయెను.

చాలమంది ఇచ్చట నిలిచిపోవుదురు. ఇతడు నిలువలేదు. దేహమునకు ఊపిరి చాలదనియు, దూరపు పరుగునకు ఓర్పు చాలదనియు శిక్షకులు చెప్పగా, ఆ కొఱతను తీర్చుకొనుటకు పాటుపడి 1995 ప్రపంచ పోటీల జట్టులో చివరకు చోటు సంపాదించెను.

ఆ పోటీలు దక్షిణాఫ్రికాలో జరిగినవి. జూన్ 18వ తేదీని కేప్‌టౌను నగరమున ఇంగ్లండుతో ఉపాంత్య పందెము. ఆట మొదలై రెండు నిమిషములైనను గాకమునుపే బంతి జోనా చేతికి వచ్చెను. ఒకనిని ప్రక్కగా దాటెను. వేఱొకడు పట్టజూచి జాఱిపోయెను. తుదకు మైక్ క్యాట్ అను ఆటగాడు ఎదురు నిలువగా తప్పుకొనక అతనిమీదుగానే నడచిపోయి గీత దాటెను. ఆనాడు అతడొక్కడే నాలుగు ట్రైలు చేసెను. న్యూజీలండు 45, ఇంగ్లండు 29. ఇరువదేండ్ల కుఱ్ఱవాడు ఒక్క సాయంకాలమున ప్రపంచమెఱిగిన మనుష్యుడాయెను.

కాని చదువరులు ఆ తరువాతి వారమును గూడ చూడవలెను. జూన్ 24వ తేదీని జోహానెస్‌బర్గులో దక్షిణాఫ్రికాతో అంతిమ పందెము. దక్షిణాఫ్రికావారు ఒక్క సంగతి నిశ్చయించుకొనిరి. జోనాను ఆపుట ఒక్కనివలన గాదు. అతడు పరుగు నందుకొనక మునుపే, ఒకని వెంట నొకడు, కాళ్లను పట్టుకొని పడవేయవలెను. వారిలో పొట్టివారును జంకలేదు. ఆ దినము జోనాకు ఒక్క ట్రైయు దొరకలేదు. ఆట సమమై, అదనపు కాలము ఆడగా, స్ట్రాన్స్కీ తన్నిన డ్రాప్ గోలుతో దక్షిణాఫ్రికా 15, న్యూజీలండు 12 గుణములుగా ముగిసెను. విశేషమేమనగా, జోనా తన జీవితకాలమంతటను దక్షిణాఫ్రికాపై దేశాంతర పందెములలో ఒక్క ట్రైయు చేయలేదు. ఎంత బలవంతునికైనను కలిసికట్టుగా నిలుచువారు అడ్డుకాగలరని దీనివలన తేలుచున్నది.

5. ఆట వృత్తి యగుట

ఆ అంతిమ పందెమునకు ముందుదినమే వేఱొక వార్త వెలువడెను. న్యూజీలండు, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా దేశముల రగ్బీ సంఘములు తమ పందెములను పది సంవత్సరములపాటు దూరదర్శన యంత్రములలో చూపు హక్కును ఒక పెద్ద వార్తాసంస్థకు ఇచ్చి, దానికి బదులుగా ఏబదికోట్ల డాలరులకు పైబడిన సొమ్ము పుచ్చుకొనుటకు ఒడంబడిక చేసికొన్నవి. ఇంత ధనము ఆటలోనికి వచ్చుచుండగా ఆడువానికి మాత్రము ఏమియు ఇవ్వరాదనుట ఇంకెంతకాలము సాగును? ఆ సంవత్సరము ఆగస్టు నెలలో పారిస్ నగరమున ఆట పెద్దలు సమావేశమై పాత నియమమును ఎత్తివేసిరి. ఉత్తరపు కూలీలు వేఱుపడి అప్పటికి సరిగా నూఱేండ్లు.

జోనా ఇందుకు ఒక ముఖ్యకారణమని పలువురి యభిప్రాయము. అతనిని లీగు శాఖవారు పెద్ద జీతములు చూపి పిలిచిరి. ఇట్టి ఆటగాండ్రను నిలుపుకొనవలెనన్న యూనియను శాఖయు జీతమియ్యక తప్పలేదు. జోనా తన దేశపు నల్లచొక్కాను విడువక నిలిచెను.

వృత్తిగా ఆడుటయన నేమో విద్యార్థులు గ్రహింపవలెను. అది దినమంతయు ఆడుకొనుట కాదు. ఏటేట ఒడంబడిక, ఒడంబడికలో నిర్ణీతమైన అభ్యాసము, ఆహారము, ప్రయాణము. ఉదయము బరువులెత్తుట, మధ్యాహ్నము పరుగు, సాయంకాలము ఎదుటిపక్షపు ఆటను చిత్రములలో చూచి చదువుట. దెబ్బ తగిలినచో వైద్యుడు చెప్పినన్నాళ్లు ఆట మానుట. వడ్రంగికి ఉలి, రైతుకు ఎడ్లు ఎట్లో ఆటగానికి దేహము అట్లు. వడ్రంగి ఉలి పోయిన క్రొత్తది కొనును. ఆటగాడు క్రొత్త దేహము కొనలేడు. ముప్పదియైదు వత్సరములు దాటి ఆడువారు మిక్కిలి కొలదిమంది. వేఱు వృత్తులలో మనుష్యుడు నిలదొక్కుకొను వయస్సున ఆటగాడు పని విరమించును.

6. వ్యాధి

జోనా విషయమున కాలము ఇంకను తక్కువ దొరకినది. ప్రపంచ పోటీలు జరిగిన కొలది కాలమునకే అతనికి మూత్రపిండముల వ్యాధి యున్నదని వైద్యులు కనుగొనిరి. దానిని "నెఫ్రోటిక్ సిండ్రోము" అందురు.

శరీరశాస్త్రము చదువు పై తరగతి విద్యార్థులు మూత్రపిండముల పని నెఱుగుదురు. నడుమున వెనుకప్రక్క రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్కదానిలో ఇంచుమించు పదిలక్షల సన్నని జల్లెడలు. మన రక్తము పలుమాఱులు వానిగుండ పోవుచుండును. దినమునకు సుమారు 180 లీటరుల ద్రవము వడకట్టబడి, దానిలో చాలభాగము మరల రక్తమును చేరి, ఒకటి రెండు లీటరులు మాత్రమే మూత్రముగా వెడలును. జల్లెడ చిల్లులు పడినచో పిండి తవుడు రెండును క్రిందికి పోవును గదా! అట్లే ఈ వ్యాధిలో దేహమునకు అవసరమైన మాంసకృత్తులు మూత్రములో పోవును. అవి తగ్గగా రక్తములోని నీరు చుట్టునున్న కండలోనికి ఊరి, ముఖము, కాళ్లు ఉబ్బును, నీరసము కమ్మును.

అట్టి వ్యాధితో ఎనుబది నిమిషములు పరుగెత్తుట యెట్టిదో ఆలోచింపుడు. 1997లో చికిత్సకై అతడు చాల నెలలు ఆట మానవలసివచ్చెను. ఆ యేటి తుదిని తిరిగి నల్లచొక్కా ధరించెను. 1998లో కౌలాలంపూరు నగరమున జరిగిన కామన్‌వెల్త్ క్రీడలలో ఏడుగురి రగ్బీ యందు న్యూజీలండు స్వర్ణపతకము గెలిచినపుడు అతడు ఆ జట్టున నుండెను. 1999 ప్రపంచ పోటీలలో ఎనిమిది ట్రైలు చేసెను. ఉపాంత్య పందెమున ఫ్రాన్సుపై తాను రెండు ట్రైలు చేసినను అతని పక్షము 43కు 31గా ఓడెను. రెండు ప్రపంచ పోటీలలో కలిపి అతని ట్రైలు 15. ఈ లెక్కను 2015 వరకు ఎవరును అందుకొనలేదు. ఆ యేట దక్షిణాఫ్రికాకు చెందిన బ్రయన్ హబానా సమానము చేసెను.

2000 జూలై 15వ తేదీని సిడ్నీలో ఆస్ట్రేలియాతో జరిగిన పందెమును చూచుటకు 1,09,874 మంది వచ్చిరి. చివరి క్షణములలో ఒక్క గుణము వెనుకబడియున్న న్యూజీలండునకు జోనా అంచు గీత వెంబడి పరుగెత్తి ట్రై చేసి 39కి 35గా గెలుపు తెచ్చెను. చూచిన లక్షమందిలో అతని లోపల జరుగుచున్నది ఎఱిగినవారు ఎందఱు?

2002 నవంబరు 23వ తేదీని వేల్స్ దేశముతో ఆడినదే అతని కడపటి దేశాంతర పందెము. అన్నియు కలిసి 63 పందెములు, 37 ట్రైలు. అప్పటికి అతని వయస్సు ఇరువదియేడు.

7. డయాలిసిస్, దానము

2003 నాటికి మూత్రపిండములు పనిచేయుట మానినవి. రక్తమును దేహము వెలుపలికి తెచ్చి యంత్రములో శుభ్రపఱచి మరల లోనికి పంపు పద్ధతిని "డయాలిసిస్" అందురు. వారమునకు మూడు పర్యాయములు, ప్రతిసారి కొన్ని గంటలు, అతడు యంత్రమునకు కట్టుబడి యుండవలసివచ్చెను. పాదముల నరములు చెడి నడకయే కష్టమాయెను. ఒకనాడు ఇంగ్లండు జట్టును త్రొక్కి పోయిన పాదములే అవి.

మన శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున ఇట్లు యంత్రముపై నాధారపడి దినములు గడుపు కుటుంబములు అనేకములు కలవు. వారి వ్యాధి వేఱు రీతిదైనను కష్టమొక్కటియే. గనుక ఈ మాట మన చదువరులకు దూరదేశపు కథగా తోచదు.

ఈ దశలో జోనాకు సాయపడినది ధనము గాదు. వెల్లింగ్టను నగరమున రేడియో ప్రసంగములు చేయు గ్రాంట్ కెరెయామా అను స్నేహితుడు తన రెండు మూత్రపిండములలో ఒకటి ఇచ్చుటకు ముందుకు వచ్చెను. 2004 జూలై 28వ తేదీని ఆక్లండున శస్త్రచికిత్స జరిగెను. మూత్రపిండము ఒక్కటియున్నను ఆరోగ్యవంతుడు చక్కగా జీవింపవచ్చును గనుకనే ఇట్టి దానము సాధ్యమగుచున్నది. మన దేశమున 1994 నాటి శాసనము అవయవముల క్రయవిక్రయములను నిషేధించినది. దానముగా మాత్రమే ఈయవచ్చును. అతని పరుగునకు లోకము వెలకట్టి కొన్నది. అతని ప్రాణమును నిలిపినది వెలకు దొరకనిది.

శస్త్రచికిత్స పిమ్మట అందఱును అతడు విశ్రాంతి తీసికొనునని తలంచిరి. అతడు మాత్రము తిరిగి ఆడుదుననెను. 2005 జూన్ నెలలో ఇంగ్లండు నాయకుడు మార్టిన్ జాన్సన్ గౌరవార్థము జరిగిన పందెమున ఒక ట్రై చేసెను. ఆనాడే భుజమునకు దెబ్బ తగిలెను. ఆ డిసెంబరులో వేల్స్ దేశపు కార్డిఫ్ జట్టున చేరి, దానము పొందిన మూత్రపిండముతో వృత్తి ఆటలో పాల్గొనెను. కాని పాత వేగము రాలేదు. 2006లో చీలమండ విఱిగెను. స్వదేశమునకు మరలి నార్త్ హార్బరు జట్టున ఆడెను గాని, పై శ్రేణి జట్లలో ఏదియు అతనికి ఒడంబడిక ఇయ్యలేదు. 2007లో వృత్తి ఆటను విరమించెను.

ఇందులో అతడు ఓడెనా, గెలిచెనా? మేము మాలో చర్చించుకొన్నపుడు ఇరుదెఱగుల వారును ఉండిరి. దానముగా వచ్చిన ప్రాణమును మరల దెబ్బలకు ఒడ్డుట తగదని కొందఱు. తనకు దేవుడిచ్చిన పనిని చేయగలిగినంతవఱకు చేయజూచుట తప్పుగాదని కొందఱు. ఇంటివద్ద తల్లిదండ్రులతో విద్యార్థులును చర్చించి తమ యభిప్రాయము నిశ్చయించుకొందురు గాక.

8. అంత్యము

2011లో దాత యిచ్చిన మూత్రపిండమును దేహము నిరాకరించెను. జోనా మరల యంత్రమును ఆశ్రయించెను. మార్పిడి చేసిన మూత్రపిండము శాశ్వతము గాదని, కొన్ని సంవత్సరములకు చెడవచ్చునని వైద్యులు ముందుగనే చెప్పుదురు. 2015లో ఇంగ్లండున ప్రపంచ పోటీలు జరుగగా, అచ్చటికి పోయి పాత స్నేహితులను కలిసికొని, ఇల్లు చేరిన స్వల్పకాలమునకే, నవంబరు 18వ తేదీని ఆక్లండున ఆకస్మికముగా మరణించెను. వయస్సు నలువది సంవత్సరములు. భార్యయు ఇద్దఱు చిన్న కుమారులును మిగిలిరి. నవంబరు 30వ తేదీని ఈడెన్ పార్కు క్రీడాస్థలమున వేలాది జనులు కూడి, తమ దేశపు ఆచారము చొప్పున "హాకా" నృత్యముతో అతనిని సాగనంపిరి.

పిమ్మట తెలిసిన సంగతి యొకటి చదువరుల మనస్సును నొప్పించును. అంత కీర్తి గడించిన వాని బిడ్డలకు మిగిలిన సొమ్ము మిక్కిలి స్వల్పము. ఆ బిడ్డల పోషణ విద్యలకై న్యూజీలండు ఆటగాండ్ర సంఘమువారు ఒక ధర్మనిధిని ఏర్పాటు చేయవలసివచ్చెను.

9. మనము నేర్వదగినది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆట కూడు పెట్టునా? జోనా లోమునకు పెట్టినది, సమృద్ధిగా పెట్టినది. కాని ఎన్నాళ్లు? 1995 నుండి లెక్కించినచో పండ్రెండు సంవత్సరములు. అందులోను వ్యాధిచే పోయిన నెలలు అనేకములు. కావున ఆటను వృత్తిగా గైకొనదలచు బాలుడు రెండు సంగతులు మఱవరాదు. దేహము పనిచేయు దినములలోనే, దేహము పనిచేయని దినములకు కూడబెట్టవలెను. ఆటతోబాటు మఱియొక విద్యనో పనినో చేత నుంచుకొనవలెను. ఇవి ఆటకు విరుద్ధమైన మాటలు గావు. ఆటను ప్రేమించువాడే ముందుగా చెప్పవలసిన మాటలు.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఆ బాలుని వీధి కలహములనుండి తప్పించినవి ఒక తల్లి నిశ్చయము, ఒక పాఠశాల క్రమము, ఒక ఉపాధ్యాయుని శ్రద్ధ. అతనికి జీతము వచ్చినది తరువాతి మాట. జీతము రాకపోయినను ఆ మేలు మేలుగానే యుండెడిది. మన బిడ్డలలో లక్షకొకడు గూడ ఆటచే జీవింపకపోవచ్చును. అయినను సాయంకాలపు ఆ గంట వారికి ఓడుటను, లేచుటను, తోటివానికి బంతి నందించుటను నేర్పును.

రగ్బీలో బంతిని వెనుకకే అందింపవలెనని మొదట చెప్పితిమి. జోనా ఎంత ముందునకు పరుగెత్తినను అతనికి బంతి నిచ్చినవాడు ఒకడు ఉండెను. పడిపోయినపుడు బంతి నందుకొనుటకు వెనుక వచ్చువాడును ఉండెను. వానికి ప్రాణము నందించిన స్నేహితుడు గుంపులు కేకలు వేయు ఆటస్థలమున గాక వైద్యశాలలో ఆ పని చేసెను. మన బాలురు బలవంతులు కావలెనని కోరుచున్నాము. అంతకన్న ముందుగా, తోడివాడు పడినపుడు వెనుక నుండి వచ్చి అందుకొనువారు కావలెనని కోరుచున్నాము.